పొట్టేలు గంట

మార్కాపురంలో నేను వార్డెనుగా పనిచేసిన ఆడపిల్లల హాస్టల్లో ఆఫీసు గదికి పడమటి వైపు ఒకే ఒక కిటికీ ఉండేది. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ అందులోంచి వచ్చి నేరుగా ఇనుప బీరువా మీద పడేది. ఆ బీరువాలో ఉన్నవేవీ నావి కావు. పిల్లలు పోగొట్టుకున్నవి, ఎవరికో దొరికితే నా బల్ల మీద పెట్టి పోయినవి, నేను గుంజుకున్నవి. ఆ ఉద్యోగం మానేసి ఇంట్లో ఉంటున్న ఈ రోజుల్లో కూడా, మధ్యాహ్నం కాస్త కునుకు పడితే చాలు, ఆ బీరువా తలుపు దానంతటదే తెరుచుకుంటుంది.

లోపల ఏమేముండేవని చెప్పను? ఒంటి కమ్మలు, ఒంటి చెప్పులు, పేరు రాయని నోటు పుస్తకాలు, జడ క్లిప్పులు, ఎవరిదో కళ్లజోడు, ఊరగాయ సీసాల మూతలు. ఆ కళ్లజోడు లేకుండా ఆ పిల్ల ఏడాదంతా ఎట్లా చదివిందో నాకిప్పటికీ అర్థం కాదు. పై అరలో ఫోన్లు వరసగా పడుకుని ఉండేవి. ప్రతి ఫోనుకూ రబ్బరు బ్యాండు, దాని కింద గది నంబరు రాసిన చీటీ. ఆపడం మరచిపోయిన ఫోను ఒక్కోసారి లోపలే మోగేది, బీరువా మొత్తం సన్నగా వణికేది. ఎవరో తల్లి ఎవరో బిడ్డను పిలుస్తోందని తెలుసు. అయినా తాళం తీసేదాన్ని కాదు. నా కఠినత్వం మీద నాకు ఆ రోజుల్లో గొప్ప గౌరవం ఉండేది.

హాస్టల్లో ఒక కట్టడి ఉండేది. పోయిన వస్తువైతే గుర్తులు చెప్పి తీసుకుపోవచ్చు. గుంజుకున్నదైతే మాత్రం పిల్ల చేతికి ఇవ్వం. తల్లో తండ్రో ఆదివారం పూట వచ్చి, పిల్లను పక్కన నిలబెట్టుకుని తీసుకోవాలి. ఈ కట్టడి పెట్టింది వేరెవరో కాదు, నేనే. ఇంట్లోవాళ్ల ముందు ఒక్కసారి తలవంచుకుంటే మళ్లీ అలాంటి పని చేయదని నా నమ్మకం.

ఆ ఏడు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఒక పిల్ల చేరింది. కొమరోలు అవతల పల్లె వాళ్లది. నాయన, చిన్నాయన కలిసి గొర్రెలు కాస్తారు. బక్కపలుచని పిల్ల. మాట్లాడితే ఎక్కడ అరిగిపోతానో అన్నట్టు ఉండేది. చేరిన నెలకే ఒక సాయంత్రం చదువుకునే వేళ, వాళ్ల గదిలోంచి 'టంగ్' అని ఒక మోత వచ్చింది. గట్టి మోత కాదు. ఒక పక్క పగులు ఉన్నదానిలా చివర్లో కొంచెం బొంగురు పోయి ఆగింది. నేను పోయి దిండు ఎత్తితే కంచు గంట. పొట్టేలు మెడలో కట్టేది. తోలు పట్టీతో సహా ఉంది, పట్టీకి ఉన్ని అంటుకుని ఉంది.

"ఏందిది?" అన్నాను.

"గంట మేడం. ఇది ఇనపడకుంటే నాకు నిద్ర రాదు" అంది.

మిగతా పిల్లలు పకపకా నవ్వారు. నాక్కూడా నవ్వొచ్చింది, కానీ వార్డెన్లు నవ్వకూడదు కదా. తెచ్చి బీరువాలో పెట్టేశాను. ఆ రాత్రి ఆ పిల్లకు నిద్ర పట్టిందో లేదో నేను అడగలేదు.

కరెంటు పోయినప్పుడల్లా మా హాస్టలు బెల్లు మూగబోయేది. అన్నం వేళకు పిల్లల్ని పిలవడానికి వంటామె పళ్లెం మీద గరిటెతో కొట్టి కొట్టి విసిగిపోయేది. ఆమెను పిల్లలందరూ ఖాలా, అంటే పిన్ని అనేవారు. ఒకరోజు ఏదో వెతుకుతూ నేను బీరువా తెరిచినప్పుడు ఖాలా కంట గంట పడింది.

"మేడమ్మా, ఈ గంట ఊరికే ఎందుకు పడుండాలా? నాకియ్యి, తిండికి కొట్టుకుంటా" అంది.

గుంజుకున్న వస్తువును వాడకూడదని నా కట్టడిలోనే ఉంది. అయినా ఇచ్చేశాను. ఖాలా దాన్ని వంటగది కిటికీ ఊచకు వేలాడగట్టింది. ఆ రోజు నుంచి హాస్టలు గాలే మారిపోయింది. నల్ల బండలు పరిచిన వరండా మీద ఎండ పరుచుకుని, పుస్తకాల ముందు పిల్లలు తూగుతూ ఉండే వేళ, ఆ బొంగురు మోత వచ్చేది. ఎవరినీ అదిలించనక్కర్లేదు. కళ్లు నలుపుకుంటూ, పళ్లేలు పట్టుకుని, ఒకరి వెనుక ఒకరు మెల్లగా నడిచి వచ్చేవారు. అచ్చం మందలాగే. ఆ మోతలో ఏముందో గానీ నాకు కూడా కొండ మీద చల్లగాలి తగిలినట్టు ఉండేది. ఆ పిల్ల మాత్రం అందరికంటే ముందు వచ్చి కిటికీ కింద నిలబడేది. ఆకలి కాబోలనుకున్నాను.

దసరా సెలవలకు ఇంటికి పోయి వచ్చాక ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. గంట ఇమ్మంది. మీ నాయనను రమ్మని చెప్పు, ఆయనకే ఇస్తానన్నాను. "నాయనకొద్దు మేడం, నాకే ఇయ్యండి, మళ్లా తేను" అంది. కుదరదన్నాను. కట్టడి ఒక సాకు. అసలు సంగతి, నాకు ఆ గంట మోత అలవాటైపోయింది. అంతకంటే మంచి బెల్లు ఆ ఊళ్లో దొరకదని తెలుసు. మరో రెండుసార్లు అడిగి ఆమె ఊరుకుంది. అన్నం తినడం తగ్గించింది. నేను తిట్టాను కూడా.

ఆమె చెప్పని సంగతి ఇది. నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ గంట వాళ్ల తాత నాటిది. మందలో ముందు నడిచే పొట్టేలు మెడలో ఉండేది. హాస్టలుకు వచ్చే రోజున ఎవరికీ చెప్పకుండా ఆ పిల్ల దాన్ని విప్పి పెట్టెలో పెట్టుకుంది. గంట ఏమైందని ఇంట్లో గొడవ మొదలైంది. నాయన అనుమానం చిన్నాయన మీద పడింది. చిన్నాయనకు తాగుడు అలవాటు ఉండేదట, మానేసి ఏళ్లయినా ఆ పేరు పోలేదు. తాత గంటను తాగుడుకు అమ్ముకున్నావని నాయన నలుగురిలో అన్నాడు. మాటా మాటా పెరిగి అన్నదమ్ములు మందను పంచుకున్నారు. చిన్నాయన తన గొర్రెలు తోలుకుని గిద్దలూరు వైపు పోయాడు. దసరాకు పోయిన పిల్లకు ఇంట్లో ఆ సగం దొడ్డి ఖాళీగా కనబడింది. నిజం చెబితే నాయన చదువు మాన్పిస్తాడు. ఆయనకు మొదటినుంచీ ఆడపిల్లను కాలేజీకి పంపడం ఇష్టం లేదు, పట్టుబట్టి పంపించింది ఆ చిన్నాయనే. గంటను గుట్టుగా ఇంటికి చేర్చి దొడ్డి గోడ పక్కన పడేస్తే, దొరికిందనుకుని వాళ్లిద్దరూ మళ్లీ కలుస్తారని ఆ పిల్ల ఆశ. ఆ ఆశను నేను కిటికీ ఊచకు కట్టి పూటపూటా మోగిస్తున్నాను.

చలికాలంలో ఒక ఆదివారం వాళ్ల నాయన వచ్చాడు. మార్కాపురంలో బంధువుల పెళ్లి, అట్నుంచి అటే కూతుర్ని చూసిపోదామని. భుజాన గొంగళి, చేతిలో వేరుశనక్కాయల సంచి. గేటు దగ్గర ఆయన్ను చూసిన పిల్ల పరుగెత్తుకుంటూ ఆఫీసులోకి వచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేడం, ఈ పూట గంట కొట్టద్దని చెప్పండి. మీ కాళ్లు పట్టుకుంటా."

ఎందుకని గదమాయించాను. అప్పుడు చెప్పింది, నేను ఇందాక చెప్పిందంతా, ఊపిరి తీసుకోకుండా. లేచి వంటగది వైపు నడిచాను. సగం వరండా దాటానో లేదో, ఖాలా గంట కొట్టింది.

గేటు పక్క అరుగు మీద కూర్చున్న మనిషి దిగ్గున లేచాడు. తల ఒక పక్కకు వంచి విన్నాడు. ఎవరినీ ఏమీ అడగకుండా నేరుగా వంటగది కిటికీ దగ్గరికి పోయి, గంటను ఊచ నుంచి విప్పి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పగులు ఉన్న చోట బొటనవేలితో తడిమాడు.

"ఇది మా పొట్టేలుది. ఈడికెట్ల వచ్చె?" అన్నాడు.

నా వెనకే పిల్ల నిలబడి ఉంది. దాన్ని కాపాడాలి, అంతే తోచింది. "పాత సామాన్ల దుకాణంలో కొన్నాం అన్నా" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నేను చేసింది నాకు తెలియలేదు. ఆయన మొహం ముందు ఎర్రబడింది, తర్వాత చిన్నబోయింది. గంట పట్టుకునే వంటగది అరుగు మీద కూలబడ్డాడు.

"అమ్ముకున్నాడు. నేను చెప్పలా అందరికీ? నా తమ్ముడే అమ్ముకున్నాడని చెప్పలా? లోపల మాత్రం కాకుంటే బాగుండనుకుంటి తల్లీ" అన్నాడు.

పళ్లేలతో వచ్చిన పిల్లలంతా నిలబడిపోయారు. ఇప్పుడు నిజం చెబితే పిల్ల చదువు పోతుంది. చెప్పకపోతే ఎక్కడో గొర్రెల వెంట తిరుగుతున్న మనిషి బతుకంతా దొంగగా మిగిలిపోతాడు. అంత వయసొచ్చిన నేను ఇంకా ఎటూ తేల్చుకోలేదు. ఆ పిల్ల నన్ను దాటుకుని ముందుకు వచ్చింది.

"నాయనా, మేడం అబద్ధం చెప్తావుంది. గంట నేనే తెచ్చుకున్నా. చిన్నాయన అమ్మలా."

ఆయన చేయెత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు. జేబులోంచి చిన్న ఫోను తీసి నంబరు నొక్కాడు. గొర్రెల వెంట తిరిగేవాళ్లు ఫోను చెవి దగ్గర పెట్టుకోరు. స్పీకరు పెట్టి గడ్డం కింద పట్టుకున్నాడు. అవతల ఎవరో ఎత్తారు. గాలి మోత, గొర్రెల అరుపులు వినిపించాయి. ఈయన ఫోనును ఒళ్లోని గంట దగ్గర పెట్టి, గంటను ఒక్కసారి కదిలించాడు.

అవతల గొర్రెల్ని అదిలిస్తున్న గొంతు ఆగిపోయింది.

"అన్నా, మన గంట గదా?"

"ఊ."

"పిల్ల కాడనే ఉండాదా?"

ఈయన తలెత్తాడు. "నీకెట్ల తెలుసురా?"

"బట్టల మజ్జన పెట్టుకుంటావుంటే చూసినా. చెప్తే నువ్వు కాలేజీ మాన్పిస్తావని గమ్మునున్నా" అన్నాడు చిన్నాయన. కాస్త ఆగి, "పిల్లను తిట్టబాక అన్నా. పరీక్షలుండాయి" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. పిల్లల ముందు వార్డెను ఏడవడం ఆ హాస్టల్లో అదే మొదటిసారి. ఖాలా కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఆ పిల్ల నాయన పక్కన నేల మీద కూర్చుని ఆయన మోకాలు పట్టుకుంది. ఆయన ఫోనును చేతులు మార్చుకున్నాడు.

"అన్నం తిన్నావంట్రా?" అని అడిగాడు.

"ఇంకా లేదన్నా."

"రేపు మంద తోలుకొని ఇంటికి రా" అన్నాడు.