కాశీలో వదిలిన పండు

అమెరికాలో మేముండే క్యారీ ఊళ్ళో మూర్తిగారంటే తెలియని తెలుగువాళ్ళు తక్కువ. మందుల కంపెనీలో పరిశోధన చేసి రిటైరైన మనిషి. ఏదైనా సరే, రుజువు చూపిస్తే గానీ ఒప్పుకోరు. దేవుడి విషయంలో మాత్రం భార్య మీనాక్షిగారి వెనకాల బుద్ధిగా నడుస్తారు, వాదించే ఓపిక లేక.

గుండెకి బైపాస్ ఆపరేషన్ అయి మూర్తిగారు కోలుకున్నాక ఆవిడ ఆయన్ని కాశీ తీసుకెళ్ళారు. కాశీ వెళ్ళినవాళ్ళు తమకిష్టమైన కూరో పండో అక్కడ వదిలేసి రావాలని మనవాళ్ళ ఆచారం. వదిలినదాన్ని ఇక జన్మలో ముట్టకూడదు. మూర్తిగారు, చాలామంది పెద్దమనుషుల్లాగే, తనకు బొత్తిగా గిట్టని కాకరకాయని వదిలేసి హాయిగా బయటపడ్డారు. మీనాక్షిగారు మామిడిపండు వదిలారు. ఆవిడ పుట్టి పెరిగింది నూజివీడులో. రసం మామిడిపండు చేతికొస్తే టెంక తెల్లబడేదాకా వదిలే రకం కాదు. అలాంటిది, "ఈయన గుండె బాగుండాలి" అని గంగలో నిలబడి అనుకుని మరీ వదిలేశారు.

"నా గుండె బాగుచేసింది సర్జన్. మధ్యలో మామిడిపండు ఏం చేసిందే?" అని ఆయన ఏడిపించేవారు. ఆవిడ మాత్రం ఎవరింట్లోనైనా మామిడిపళ్ళు కోస్తుంటే మెల్లగా లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేవారు. అది చూసినప్పుడల్లా మూర్తిగారికి జాలేసేది, కాస్త ఒళ్ళు మండేది కూడా.

ఈ ఏడు పెళ్ళిరోజుకి కూతురు చరిత వాళ్ళకి లాస్ వేగస్‌లో ఒక పెద్ద క్యాసినో హోటల్ బుక్ చేసింది, బఫేతో సహా. తిరిగొచ్చాక వచ్చే వారమే ఆయనకి గుండె పరీక్షలు. మీనాక్షిగారి మనసు సగం వాటి మీదే ఉంది.

ఆ బఫే హాలు ముందు మన పెళ్ళి భోజనాలు ఎందుకూ పనికిరావు. ఒకపక్క పీతలు కుప్పపోశారు. ఇంకోపక్క మాంసం కోసేవాళ్ళు కత్తులు నూరుతున్నారు. మన దంపతులేమో శాకాహారులు. "దీంట్లో చికెన్ స్టాక్ ఉందా? ఎగ్ ఉందా?" అని ప్రతి గిన్నె దగ్గరా ఆరా తీసి, చివరికి బంగాళాదుంపలు, బ్రెడ్డు తెచ్చుకుని కూర్చున్నారు. అంత దూరం వెళ్ళి బంగాళాదుంపలు తినడం మనవాళ్ళకే చెల్లింది.

స్వీట్ల దగ్గర మూర్తిగారు ఆగిపోయారు. చిన్న గాజు కప్పుల్లో కొబ్బరిపాలు, సగ్గుబియ్యం, మామిడిపండు గుజ్జు. ముందు 'మ్యాంగో' అని కార్డు. ఆయన బుర్రలో పురుగు తొలిచింది. ఒక్కసారి తింటే ఏమవుతుంది? తెలియక తింటే ఆవిడకి పాపం కూడా లేదు కదా!

"ఇదేంటండీ?" అని అడిగారు మీనాక్షిగారు, ఆయన కప్పు ముందు పెట్టగానే.

"పీచ్. సగ్గుబియ్యంతో చేశారు. ఎగ్ లేదు, కనుక్కున్నా."

ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని క్షణం ఆగారు. ఆ తర్వాత కప్పు ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు. అంచుకి అంటుకున్నది వేలితో తుడిచి నాకారు. ఎన్నేళ్ళకో ఆ మొహంలో ఆ కళ చూసి మూర్తిగారు పొంగిపోయారు.

"ఇంకోటి తెచ్చుకుంటానండీ."

"కూర్చో, నేను తెస్తా" అనేలోపే ఆవిడ వెళ్ళిపోయారు. కార్డు ఎక్కడ చదువుతుందోనని ఆయన మెడ చాచి చూస్తూ కూర్చున్నారు. ఆవిడ మామూలుగా వచ్చి, మామూలుగా తిన్నారు. గండం గడిచిందనుకున్నారు మూర్తిగారు.

గదికి వెళ్ళే దారి జూదం మిషన్ల మధ్య నుంచే. సగం దూరం వెళ్ళేసరికి మీనాక్షిగారు ఒక మిషన్ ముందు ఖాళీ కుర్చీలో కూలబడి ఏడవడం మొదలుపెట్టారు. పక్క కుర్చీలో అమెరికన్ ముసలావిడ, ఈవిడ ఆటలో బాగా పోగొట్టుకుందనుకుందేమో, జాలిగా టిష్యూ అందించింది. మూర్తిగారికి తను చేసిన పని ఎంత నీచమైనదో అప్పుడు తెలిసింది.

"సారీ మీనాక్షీ. అది పీచ్ కాదు, మ్యాంగో. నేనే అబద్ధం చెప్పి తినిపించాను. నీకు తెలీదు కదా, తప్పంతా నాదే. నీకేం పాపం అంటదు."

ఆవిడ తల అడ్డంగా ఊపారు.

"మామిడిపండు నాకు తెలీకపోవడమేంటండీ? నోట్లో పెట్టుకోగానే తెలిసింది. అక్కడితో ఆపేస్తే అది మీరు చేసిన పనయ్యేది. నేను ఆపలేదు. లేచెళ్ళి, కార్డు చదివి మరీ ఇంకోటి తెచ్చుకున్నాను. మీ గుండె కోసం వదిలిన పండని గుర్తుంది. అయినా తినాలనిపించింది. వచ్చే వారం ఆ టెస్టుల్లో ఏదైనా తేడా వస్తే నేనెలా బతకను?"

ఏమీ కాదే, అదంతా ఉత్త నమ్మకం అనబోయారు మూర్తిగారు. ఇన్నేళ్ళూ ఆవిణ్ణి ఏడిపించడానికి వాడిన మాట అది. ఇప్పుడు ఓదార్చడానికి పనికిరాలేదు. ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు.

ఆవిడ ఆ చేతిని కిందికి తీసుకుని, మణికట్టు పట్టుకుని నాడి చూడసాగారు.