ట్రెవారో గారి గుసగుస

క్లెమెంట్ ట్రెవారో గారు గొంతెత్తి మాట్లాడగా ఎవరూ ఎన్నడూ వినలేదు. మెల్‌బోర్న్ కాలిన్స్ స్ట్రీట్‌లో సెర్వాన్ అనే ఖరీదైన దుస్తుల షాపు ఒకటుంది. అక్కడ పనిచేసేవాళ్ళలో ఎవరినడిగినా ఆయన గురించి ముందు ఈ సంగతే చెబుతారు. అది కూడా చెవిలో చెబుతారు. ఎందుకంటే ఆయన దగ్గర కొన్నాళ్ళు పనిచేస్తే ఎవరికైనా ఆ జబ్బు అంటుకుంటుంది. ఆయన మాట గుసగుస, నవ్వు గుసగుస. ఆయన తుమ్మితే పక్కగదిలో ఎవరో పట్టుబట్ట మడత పెడుతున్నారనుకుంటారు.

ఆదివారాలు ఫుట్‌బాల్ ఆటకి వెళతారు. మైదానంలో వేలమంది గొంతులు చించుకుంటుంటే, ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, "అంపైరు గారూ, తమరు ఇంకొక్కసారి ఆలోచిస్తే బాగుంటుందేమోనండీ" అని తన మోకాళ్ళకి చెప్పుకుంటారు. ఆయన జట్టు గెలిచిన రోజున మాత్రం అదే మాట కొంచెం త్వరగా అంటారు.

ఒకసారి షాపు వెనకగదిలో ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ అంటుకుంది. ఇంకొకరైతే గుమ్మం దాకా అరుచుకుంటూ పరుగెత్తేవారు. ట్రెవారో గారు ఒక్కొక్క కస్టమరు దగ్గరికీ వెళ్ళి, నడుం వంచి, "వెనకగదిలో చిన్న విశేషం జరుగుతోందండీ. తమకి వీలైతే కాస్త బయటికి దయచేస్తారా" అన్నారు. 'వెనకగది' 'విశేషం' అన్న రెండు ముక్కలు తప్ప ఎవరికీ ఏమీ వినపడలేదు. దాచిపెట్టిన కొత్త సరుకేదో విప్పుతున్నారనుకుని, జనం ఒకరినొకరు తోసుకుంటూ సరిగ్గా మంట ఉన్న గదిలోకే పోయారు. పోవడమూ మంచిదే అయింది, వాళ్ళే దాన్ని ఆర్పేశారు.

అలాంటి మనిషి ఎదుటికి ఉద్యోగం కోసం వచ్చి కూర్చుంది లొరెట్టా వెల్లా.

ఫుట్‌స్క్రే మార్కెట్‌లో లొరెట్టా వాళ్ళ కార్మెనూ మామయ్యకి చేపల కొట్టు ఉండేది. బళ్ళో చదువు అయిపోయిన దగ్గర్నుంచీ అక్కడే నిలబడి అమ్మింది. "స్నాపర్! ఇప్పుడే దిగింది స్నాపర్!" అని ఒక్క కేక పెడితే, మార్కెట్ అవతలి కొసన టమాటాలు ఏరుకుంటున్నవాళ్ళు చేతిలోవి వదిలేసి ఇటు తిరిగేవాళ్ళు. మాల్టా నుంచి పడవెక్కి వచ్చిన కుటుంబంలో అందరివీ పెద్ద గొంతులే. అందులోనూ లొరెట్టా గొంతు వేరు. మామయ్యకి మోకాళ్ళు అరిగిపోయి కొట్టు ఇంకొకరికి ఇచ్చేశాడు. వాళ్ళు తమవాళ్ళనే పనిలో పెట్టుకున్నారు. ఆ గొంతుకి పని లేకుండా పోయింది.

కానీ ఆమెకి ఎవరికీ చెప్పని కోరిక ఒకటుండేది. సెలవు దొరికినప్పుడల్లా రైలెక్కి వచ్చి సెర్వాన్ షాపు అద్దం ముందు నిలబడేది. లోపల ఒక బూడిదరంగు కోటు, భుజాల దగ్గర ఒక్క ముడత లేకుండా, మనిషి లేకపోయినా మనిషి ఊపిరి తీసుకుంటున్నట్టే నిలబడి ఉండేది. దాన్ని చూస్తుంటే చర్చిలో తలెత్తి గోపురం లోపలికి చూసినట్టు ఉండేది లొరెట్టాకి. లోపలికి వెళ్ళాలని మాత్రం ఏనాడూ అనుకోలేదు. చేతులకి చేప వాసన. అద్దానికి కూడా అంటుకుంటుందేమోనని కాస్త ఎడంగానే నిలబడేది. కొట్టు పోయాక ఒకరోజు అదే అద్దం మీద 'సేల్స్ అసిస్టెంట్ కావలెను' అన్న చిన్న చీటీ కనపడింది. చేతులు నిమ్మకాయతో తోముకుని మర్నాడే దరఖాస్తు ఇచ్చింది.

ఇంటర్వ్యూలో మాట్లాడింది షాపు మేనేజరు బ్రాన్‌విన్ హేగ్. ట్రెవారో గారు పక్క కుర్చీలో ఉన్నారు. వెండిరంగు జుట్టు, చొక్కా చేతులు మణికట్టు దగ్గర గీత గీసినట్టు ఆగాయి. ఇంత బాగా కుట్టిన మనిషిని లొరెట్టా అంతకుముందు చూడలేదు.

"లగ్జరీ అంటే మీ ఉద్దేశంలో ఏమిటి?" అని అడిగింది బ్రాన్‌విన్.

"రేటు చీటీ ఎంత వెతికినా కనపడకపోవడమండీ."

బ్రాన్‌విన్ కలం ఆగింది. అప్పుడు ట్రెవారో గారి పెదాలు కదిలాయి. లొరెట్టా కుర్చీ అంచుకి జరిగింది. "పట్టు..." అన్న ముక్క చెవిన పడింది, "...గురించి ఏమైనా తెలుసా?" అన్నట్టు అర్థమైంది. చేపలు పట్టడం గురించి! ఆమె ప్రాణం లేచొచ్చింది.

"తెలియకేమండీ! పట్టినవాడెవడన్నది తర్వాత సంగతి, ముందు కళ్ళలోకి చూడాలి. మెరుస్తుంటే తాజాది. మసకేసి లోపలికి పోయాయా, ముట్టుకోకూడదు. వేలితో నొక్కితే గుంట పడకుండా పైకి రావాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే సముద్రం వాసన రావాలి గానీ చేప వాసన రాకూడదు!"

బ్రాన్‌విన్ కలానికి మూత పెట్టింది.

"ఆయన అడిగింది పట్టు గుడ్డ గురించి" అంది బ్రాన్‌విన్.

"గుడ్డా! ఓరి నాయనో!" అంది లొరెట్టా తన మామూలు గొంతుతో. పైన వేలాడుతున్న దీపపు గాజులు గణగణమన్నాయి. తలుపు అవతల ఎవరి చేతిలోదో ట్రే కింద పడింది.

ట్రెవారో గారు తల వంచుకున్నారు. ఆయన భుజాలు కదులుతున్నాయి. కోపమో, ఏడుపో, నవ్వో తెలియలేదు. చాలాసేపటికి బ్రాన్‌విన్ చెవిలో ఏదో చెప్పారు.

"శనివారం రమ్మంటున్నారు" అంది బ్రాన్‌విన్ తనే నమ్మలేనట్టు. "ఒక్కరోజు పని చూస్తారట. కానీ అమ్మాయ్, ఇక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు."

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ పెట్టారు.

"ఏమే, అక్కడ నోరు విప్పకు. తలాడించు, చాలు" అంది తల్లి డోరిస్.

"నోరు విప్పకుండా ఎలా అమ్ముతుందే? మన చేపలే నయం, చచ్చినా నోరు తెరిచే ఉంచేవి" అన్నాడు కార్మెనూ మామయ్య.

"నేను గుసగుసలాడగలను, మీరే చూడండి" అంది లొరెట్టా. గుండెల నిండా ఊపిరి తీసుకుని, పళ్ళు బిగపట్టి, "అమ్మా, ఆ రొట్టె ఇటివ్వు" అంది.

"ఏ రొట్టె?" అని గోడ అవతల నుంచి పక్కింటి హోవా ఆంటీ అడిగింది.

శనివారం వచ్చింది. నల్లగౌను వేసుకుని లొరెట్టా ఆ గుమ్మంలో మొదటిసారి కాలుపెట్టింది. కాలి కింద తివాచీ అడుగుల చప్పుడు మింగేస్తోంది. అద్దాలు, బట్టలు, మనుషులు అన్నీ మంద్రంగా ఉన్నాయి. పదిమంది మాట్లాడుతున్నా చెట్ల ఆకులు కదిలినంత సవ్వడే. వాళ్ళ మధ్య ట్రెవారో గారు ఎవరి పక్కన వంగితే వాళ్ళు ఆయన చెప్పబోయేది తమ కోసమే దాచిపెట్టినట్టు చెవి ఒగ్గుతున్నారు.

పొద్దున్న అంతా లొరెట్టా తల్లి చెప్పినట్టే తలాడించింది. పదకొండింటికి ఒకావిడ పావడా ఒకటి పట్టుకొచ్చి, చుట్టూ చూసి, ఇంకాస్త పెద్దది ఉందా అని మెల్లగా అడిగింది. లొరెట్టా అరల దగ్గరికి పరుగెత్తి వెతికింది. దొరికిన సంతోషంలో ఒళ్ళు మరిచిపోయింది.

"ఉందండీ! పద్దెనిమిదో సైజు ఉంది!"

షాపులో తలలన్నీ తిరిగాయి. ఆవిడ ముఖం ఎర్రబడి, చేతిసంచి కడుపు మీదికి లాక్కుంది. ఆ సంచి వెనక దాక్కోవాలని చూస్తున్న ఆ ముఖం చూశాక, లొరెట్టాకి తన గొంతు మీద మొదటిసారి అసహ్యం వేసింది.

ట్రెవారో గారు గాలిలా వచ్చారు. ఆవిడ చెవిలో ఏదో అన్నారు. ఆవిడ ముందు బిత్తరపోయి, తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. ఇద్దరూ పావడా తీసుకుని లోపలి అద్దం వైపు వెళ్ళిపోయారు. లొరెట్టాని ఆయన ఒక్కమాట అనలేదు. అని ఉన్నా ఆమెకి వినపడేది కాదు.

మధ్యాహ్నం తలకి రుమాలు కట్టుకున్న ఒకామె వచ్చింది. పేరు నోలీన్ ఎయిర్డ్. ట్రెవారో గారు లొరెట్టాని సూదులపెట్టె పట్టుకుని పక్కన నిలబడమన్నట్టు సైగ చేశారు. అంత దగ్గరగా ఉండబట్టి ఆ మాటలు ఆమెకి వినపడ్డాయి.

"కొడుకు పెళ్ళి, క్లెమెంట్" అంది నోలీన్ గుసగుసగా. "ఆపరేషన్ అయింది. ఎడమవైపు... ఇప్పుడేమీ లేదు. అందరూ అక్కడే చూస్తారని భయం."

"చూడరండీ" అన్నారాయన. "వాళ్ళ కళ్ళు ఎటు పోవాలో కోటే చెబుతుంది. నాకు వదిలెయ్యండి."

ఆమె తొడుక్కున్న కోటు మీద ఆయన వేళ్ళు నడుస్తుంటే లొరెట్టా ఊపిరి బిగపట్టి చూసింది. ఇక్కడ ఒక మడత, అక్కడ ఒక సూది, కాలరు కాస్త పక్కకి. నోలీన్ అద్దంలోకి చూసుకుంది. ఆమె నడుము నిటారయింది. అంతలో కళ్ళ వెంట నీళ్ళు కారాయి. లొరెట్టా గాభరాగా వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ ఇటు చూడటం లేదు. అందరూ గుసగుసలాడుకుంటున్నారు. అన్ని గుసగుసల్లో ఈ గుసగుస ఎవరిదో, దేని గురించో ఎవరికి పట్టింది?

టీ తాగేటప్పుడు ఇక ఉండబట్టలేక ఆయన చెవి దగ్గరికి వంగింది. "సార్, మీరు కావాలనే ఇలా మాట్లాడతారా?"

ట్రెవారో గారు కప్పు దించారు. "నేను పనిలో చేరిన కొత్తలో, అందరితో మామూలుగా మాట్లాడి, ఇబ్బంది ఉన్నవాళ్ళతో మాత్రం గొంతు తగ్గించేవాణ్ణి. నేను గొంతు తగ్గించగానే షాపంతా చెవులు రిక్కించేది. గుట్టు దాస్తున్నానని నేనే చాటింపు వేసినట్టయ్యేది. అందుకని అందరితోనూ ఇలాగే మొదలుపెట్టాను. బొత్తాల గురించి అడిగినా ఇంతే, బాధల గురించి చెప్పినా ఇంతే."

"మరి ఫుట్‌బాల్ ఆటలో కూడా ఇంతేనని ఇక్కడివాళ్ళు చెప్పారు, అక్కడెందుకండీ?"

"అక్కడ అలవాటు తప్పితే, ఇక్కడ నోరు జారుతుందని భయం."

లొరెట్టా చేతిలోని కప్పు కింద పెట్టింది. ఒక పరాయి మనిషి సిగ్గుపడకూడదని, తన గొంతుని ఇన్నేళ్ళుగా సంతోషంలో కూడా వాడుకోని మనిషి! అద్దంలోని బూడిదరంగు కోటు ఆ క్షణాన ఆమెకి మామూలు గుడ్డలా అనిపించింది.

సాయంత్రం షాపు మూసే ముందు హెక్టర్ బిడల్ఫ్ అనే పెద్దాయన వచ్చాడు. ఏటా భార్య పుట్టినరోజుకి ఇక్కడే కొంటాడు. ట్రెవారో గారు ఒక పక్కన నీలం శాలువా, ఒక పక్కన ఆకుపచ్చ శాలువా పరిచి గుసగుసగా అడిగారు. పెద్దాయన చిరునవ్వుతో తలాడించాడు. 'ఏది కావాలన్నారు?' అంటే మళ్ళీ తలాడించాడు. పోయిన ఏడాది చేతి తొడుగులకని వచ్చి ఎర్రటోపీ పట్టుకెళ్ళాడట.

ఆ నవ్వుని లొరెట్టా పోల్చుకుంది. చేపల కొట్టుకి వచ్చే ముసలివాళ్ళలో చాలామంది ముఖాల మీద చూసింది. వినపడకపోయినా వినపడినట్టు నవ్వే నవ్వు అది. ఇక్కడే ఒక్క కేక వేస్తే పని అయిపోతుంది. షాపంతటికీ ఆయన చెవుల సంగతి తెలిసిపోతుంది కూడా. ఆమె రెండు శాలువాలూ ఒక భుజాన వేసుకుంది, రెండో చేత్తో పెద్దాయన చెయ్యి పట్టుకుంది, నేరుగా వీధిలోకి నడిపించింది.

బయట ట్రాము గంట కొడుతోంది, రోడ్డు తవ్వుతున్నారు, పేపర్లమ్మేవాడు అరుస్తున్నాడు. అంత గోలలో ఇంకొక అరుపు ఎవరికి ఎక్కువ?

"తాతగారూ! అవ్వకి నీలం ఇష్టమా, ఆకుపచ్చ ఇష్టమా?"

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత ముఖమంతా విప్పారింది. "నీలమే అమ్మా! ఎప్పుడూ నీలమే! ఇన్నేళ్ళలో ఈ షాపువాళ్ళ మాట నాకు వినపడటం ఇదే మొదలు!"

"ఆకుపచ్చ తీసుకో తాతా, బాగుంటుంది!" అని ఆగి ఉన్న ట్రాములోంచి ఎవరో అరిచారు.

"నీలమన్నాడుగా, నీకెందుకు?" అని ట్రాము డ్రైవరే అడ్డుపడ్డాడు.

అద్దం లోపల నుంచి ట్రెవారో గారు ఇదంతా చూశారు. పెద్దాయన డబ్బు కట్టి, నీలం శాలువా చంకన పెట్టుకుని వెళ్ళిపోయాక, లోపలికి వచ్చిన లొరెట్టా దగ్గరికి వచ్చారు. ముఖం పాలిపోయి ఉంది.

"ఆయనకి వినపడదా?"

"బొత్తిగా వినపడదండీ."

"మరి ఏటా నా ముందు తలాడించేవారే!"

"మీరు నొచ్చుకుంటారనేమో సార్."

ఆయన వీధివైపు తిరిగి పెద్దాయన వెళ్ళిన దారి చూశారు. తర్వాత షాపు తలుపు మూసి, జేబురుమాలు సర్దుకుని అందరినీ పిలిచారు. బ్రాన్‌విన్, లోపల కుట్టేవాళ్ళు, తుడిచేవాళ్ళు అందరూ చుట్టూ చేరారు. ట్రెవారో గారు గొంతు సవరించుకుని, బహుశా ఇన్నేళ్ళలోకెల్లా పెద్దగా, ఒక ప్రకటన చేశారు.

ఎవరికీ వినపడలేదు. ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆయన మళ్ళీ చెప్పారు. వెనక నిలబడిన దర్జీ, "వెనకగదిలో మళ్ళీ మంటా?" అన్నాడు.

పక్కనే ఉన్న లొరెట్టాకి మాత్రం ప్రతి అక్షరమూ వినపడింది. కళ్ళు నీళ్ళతో నిండిపోయి నోరు తెరుచుకుని ఉండిపోయింది. ట్రెవారో గారు ఆమె వైపు వంగి గుసగుసగా అన్నారు: "షాపు మూసేశాం, కస్టమర్లెవరూ లేరు. కాస్త మీరే చెబుతారా?"

లొరెట్టా గుండెల నిండా ఊపిరి తీసుకుంది.

"నాకు ఉద్యోగం ఇచ్చారోచ్!"

దాంతో వీధిలో, చుట్టు తిరిగి వచ్చి అప్పుడే కదలబోతున్న ఆ ట్రామే మళ్ళీ ఆగిపోయింది. ఆ వీధిలో అందరిలాగే ట్రెవారో గారి గుసగుస ఎరిగిన డ్రైవరు తల బయటపెట్టి, "శుభం! సోమవారం త్వరగా రా, ఆలస్యం చేస్తే ఆయన తిడతాడు, నీకు వినపడి చావదు!" అన్నాడు.