పడుకోబెట్టిన గ్యాస్ బండ

కెనడాలో మా కాల్గరీ కాలేజీలకు మన పిల్లలు గుంపులు గుంపులుగా వచ్చి, బేస్‌మెంటులో గది కూడా దొరకని ఏడాది అది. మా పెరట్లో అల్లుడి మోటార్‌హోమ్, లోపల ఇల్లులా అమర్చిన పెద్ద బండి, ఊరికే నిలబడి ఉండేది. గుంటూరు కుర్రాడు ఒకడు, వరంగల్ కుర్రాడు ఒకడు అందులో చేరారు. లోపల పొయ్యి, హీటరు. వెనకవైపు బయటి అరలో గ్యాస్ బండ. అల్లుడు ఏటా పైపులకు సబ్బు నురగ రాసి, బుడగలు వస్తాయేమో చూసేవాడు. "బండ నిలువుగానే ఉండాలి, బెల్టు విప్పొద్దు" అని ఇద్దరికీ మరీమరీ చెప్పాడు.

చలికాలంలో ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లకు పచ్చడి ఇద్దామని వెళ్లాను. గుడ్ల కూర సగంలో ఉండగా మంట నీరసించిందట. వరంగల్ కుర్రాడు బయటికొచ్చి, బెల్టు విప్పి, బండను అడ్డంగా పడుకోబెట్టాడు.

"వద్దు నాయనా, అల్లుడుగారు చెప్పారు కదా!"

"ఏం గాదాంటీ, మా అమ్మ గిట్లనే పండవెడ్తది. అడుగున్నదంత వస్తది."

వాడు లోపలికెళ్లిన కాసేపటికే పొయ్యి బుస్సుమంది. పడుకున్న బండలోంచి గ్యాసు ఆవిరి కాకుండా నీళ్లలాగే పైపులోకి పోయిందని తరవాత అల్లుడు చెప్పాడు. నిలువెత్తు మంట కప్పును నాకి కర్టెన్లను పట్టుకుంది. ఇద్దరూ మంచులోకి దూకారు. వరంగల్ వాడి కనుబొమలు మాడిపోయాయి. నేను చేతికి శాలువా చుట్టుకుని వాల్వు కట్టేశాను. అప్పటికే లోపల పరుపు భగ్గుమంది.

"నా పాస్‌పోర్టు లోపలున్నది!" అంటూ వరంగల్ వాడు మళ్లీ మంటలోకి పరుగెత్తాడు.

గుంటూరు వాడు జుట్టు పట్టి వెనక్కి లాగాడు. "చస్తావురా ఎదవా!"

"ఇడువ్ రా!" అని వరంగల్ వాడు మోచేత్తో గుంటూరు వాడి ముక్కు పగలగొట్టాడు, చెయ్యి కొరికాడు. గుంటూరు వాడు దవడ మీద గుద్దాడు. పడేసి మళ్లీ గుద్దాడు. మంచంతా నెత్తురు.

"వదలకు నాన్నా, కొట్టు!" అని అరుస్తూ నేను వరంగల్ వాడి కాళ్ల మీద పడ్డాను. నా డొక్కలో తన్నాడు. అయినా వదల్లేదు.

అప్పుడే కిటికీ పేలింది. వాడు దూరబోయిన గుమ్మం నిండా గాజు పెంకులు కురిశాయి. వాడి కాళ్లు తన్నడం మానాయి.

ఫైరింజన్ వచ్చేసరికి మిగిలింది చక్రాలు, ఇనుప చట్రమే.

వరంగల్ వాడు నెత్తురు ఉమ్మి, "పండ్లు రాలగొట్టినవ్ గదరా" అన్నాడు.

"మళ్లీ ఎల్తానని అను, మిగతావీ రాలగొడతా."

వారం దాకా వరంగల్ వాడు ఏదీ నమలలేకపోయాడు. నేను జావ కాస్తే, కొట్టినవాడే తన ముక్కుకు కట్టు కట్టుకుని చెంచాతో పట్టాడు. "నోరు తెరవరా" అని అప్పుడూ గద్దిస్తూనే ఉన్నాడు.