నా బేస్ మీద బరాత్ పాట

మా కరీంనగర్ దిక్కు 'బేస్' అంటే పెళ్లి ఊరేగింపులో, అదే బరాత్‌లో, డీజే డబ్బాలు గుండెల మీద కొట్టే దెబ్బ. ఆ పేరుతో ఒక గిటార్ ఉందని, దాన్ని మనుషులే వాయిస్తారని చెబితే నమ్మేవాళ్లు లేరు. బేస్ గిటార్ నేర్చుకోవడానికి నేను చెన్నైలో ఒక సంగీత కాలేజీకి దరఖాస్తు పెడితే, మా బాపు జమ్మికుంట పత్తి మార్కెట్‌లో గర్వంగా చాటింపు వేశాడు: "మా బిడ్డ డీజే సదువుకు పోతది." వారం తిరక్కుండానే ఎవరో పెళ్లికి డీజేగా నన్ను మాట్లాడుకోవడానికి ఇంటికొచ్చారు. మా చిన్నమ్మ అయితే గిటార్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "నాలుగే తీగలున్నయేందే? అగ్గువకని పాతది అంటగట్టిండ్రా?" అని జాలిపడింది. బేస్‌కు ఉండేవే నాలుగు.

వాళ్లకు నవ్వులాట, నాకు ప్రాణసంకటం. సీట్లు చూస్తే గుప్పెడు, పోటీకి దేశమంతా. ఈసారి రాకపోతే నోరు మూసుకుని బీఈడీలో చేరాలని బాపు షరతు. ముందుగా వాయించిన వీడియో పంపాలి, అది నచ్చితేనే పిలుస్తారు.

వీడియో పని మామకు, అంటే అవ్వ తమ్ముడికి, అప్పగించాను. మా దిక్కు అవ్వ అంటే అమ్మే. పెళ్లి వీడియోల్లో ఆయనది తిరిగిన చెయ్యి. ఆ రోజు ఒక్క తప్పు లేకుండా వాయించాను. నాకే ముచ్చటేసింది. "నువ్వు బువ్వ తిను పో కోడలా, పంపుడు నేను జూసుకుంట" అన్నాడు మామ. నేను నిశ్చింతగా తిన్నాను.

మామ ఆ వీడియోను ఫోన్‌లో పెట్టి విన్నాడు. అంత మంద్రంలోని మోత ఫోన్‌లో పలకదు. వేళ్లు కదులుతున్నాయి, చప్పుడు లేదు. పెళ్లి వీడియోలవాళ్లకు ఒక ధర్మం ఉంది. చప్పుడు లేనిచోట పాట వేయాలి, అది తాళి కట్టే ఘడియైనా, వంటవాడు గరిటె తిప్పే ఘడియైనా సరే. మామ ధర్మం తప్పలేదు. నా వాయింపు తీసేసి, బరాత్ పాట అతికించి, నా తల మీద గులాబీ రేకులు కురిపించి, గడువు ముగిసే సాయంత్రం పంపేశాడు. పంపాకే నాకు చూపించాడు.

"ఏం జేసినవ్ మామా!"

"గట్ల మూగగుంటే ఇజ్జత్ పోదా? జర జోష్ దెచ్చిన."

మీ వాయింపు ఎక్కడా వినిపించలేదు, తీసుకోలేమని కాలేజీవాళ్లు రాశారు. ఫోన్ చేసి బతిమాలినా గడువు దాటిందన్నారు. బోరున ఏడ్చాను. మామను నోటికొచ్చినట్టు తిట్టాను. అవ్వ కూడా తమ్ముణ్ణి వెనకేసుకు రాలేదు.

బాపుకు ఈ గొడవేమిటో అంతుపట్టలేదు. మామ మీది కోపంలోనే నేను గిటార్‌ను పెద్ద స్పీకర్‌కు తగిలించి, ఫోన్‌లో ఆ దిక్కుమాలిన పాటే పెట్టి, దానితో కలిసి వాయించాను. గచ్చు అదిరింది. సగంలో టక్కున ఆపేశాను. ఫోన్‌లో పాట మాత్రం పీలగా సాగుతోంది.

"ఆపినవేందే? పాట సచ్చిపాయె!" అన్నాడు మామ.

"గదే నేను వాయించేది" అన్నాను.

బాపు వచ్చి స్పీకర్ మీద చెయ్యి పెట్టి చూశాడు. ఇక బీఈడీ మాట ఎత్తుతాడనుకున్నాను.

"ఒక పంట పోయిందని చేను అమ్ముకుంటమా బిడ్డా? వచ్చే యేడు మళ్ల పెట్టు" అన్నాడు.