మా ముత్తవ్వ ఎవరి అనుమతితో వెళ్ళింది

"మీ తాత ఎక్కడ పుట్టిండు మేడం?" అని జగిత్యాలలో ఒక ఆఫీసులో అధికారి నన్ను అడిగాడు. మా అమ్మాయి కాలేజీ సీటుకు, మాది ఈ ప్రాంతమేనని చెప్పే సర్టిఫికెట్టు కోసం వెళ్ళాను.

"మలయా దేశంల పుట్టిండు సార్. గిప్పుడు మలేషియా అంటున్నరు గద, అది."

"అంటే ఫారినోళ్లా మీరు?"

"కాదు సార్. మావోళ్లది బీర్పూర్ దిక్కు. కూలికి పోయి మల్ల అచ్చిన్రు."

"గట్లయితే ఊళ్లె పాత భూమి కాగితం ఉంటది. గది తీసుకరండ్రి."

"మాకు భూమి ఎన్నడు లేదు సార్."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "భూమి లేదు, కాగితం లేదు. మరి మీది గదే ఊరని నేనెట్ల నమ్మాలె?"

నేను కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో సాంఘిక శాస్త్రం చెప్తాను. శిస్తు గురించి, జాగీర్ల గురించి ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. కానీ ఆ రోజు కోరుట్ల బస్సులో కూర్చున్నాక గాని దాని అర్థం నాకు పూర్తిగా తెలియలేదు. పొలం ఎవరిదో రాసుకున్న రాజ్యం, ఆ పొలంలో నాటు వేసింది ఎవరో రాయలేదు. అలా రాయకపోవడాన్ని ఇప్పుడు మా తప్పుగా చూపిస్తున్నారు. తరతరాలుగా దున్నిన ఊళ్ళోనే పరాయివాళ్ళమని మమ్మల్ని అనడానికి ఆ అధికారికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

మా తాత పుట్టుక గురించి తెలిసిన పెద్దలు మా ఇంట్లో ఇద్దరే మిగిలారు. మా నాన్న తమ్ముడు, మా నాన్న చెల్లెలు. చిన్నాయన బతుకుదెరువు కోసం చిన్నప్పుడే సిరిసిల్ల వెళ్ళి మరమగ్గాల మీద కూలీగా పనిచేశాడు. భర్త పోయాక మేనత్త కూడా ఆయన ఇంట్లోనే ఉంటోంది. ఆదివారం వాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

చిన్నాయన ఉత్సాహంగా మొదలుపెట్టాడు. "మా తాత మామూలు మొగోడు కాదు బిడ్డా. దొరతోని కొట్లాడి రంగూన్ పోయిండు. గాడికెళ్లి మలయా. రబ్బరు తోటల మేస్త్రీ అయినంక మా బాపమ్మను పిలిపిచ్చుకున్నడు. మా నాయిన గక్కడ్నే పుట్టిండు."

మా ముత్తవ్వను వాళ్ళిద్దరూ బాపమ్మ అంటారు. వాళ్ళకు నాన్న తల్లి ఆమె; వాళ్ళు తాత అనేది మా ముత్తాతను.

వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్న మేనత్త తల ఎత్తకుండానే అంది. "బాపమ్మ ఎవ్వలు పిలిస్తెనో పోలే."

"నీకేం తెల్సు, ఊకో," అన్నాడు చిన్నాయన. ఆమె మళ్ళీ చిక్కుడుకాయలు గిల్లడంలో పడింది. నేను కూడా అప్పటికి అంత పట్టించుకోలేదు. తాత పుట్టిన తోట పేరు అడిగి తెలుసుకుని తిరిగొచ్చాను.

ఆ తర్వాత చాలా నెలలు మధ్యాహ్నం బడి విరామంలో అన్నం డబ్బా పక్కన పెట్టుకుని ఫోన్లో ఉత్తరాలు రాశాను. రంగూన్ నుంచి వచ్చిన జవాబు ఒక్క వాక్యం: ఆ కాలపు కాగితాలు యుద్ధంలో కాలిపోయాయి. లండన్‌లోని ఒక గ్రంథాలయం వాళ్ళు వెతుకుతామన్నారు. మలేషియాలో తెలుగువాళ్ళ సంఘం ఒకటి నన్ను ఒక రిటైరైన టీచరమ్మకు కలిపింది. ఆమె పూర్వీకులు విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళినవాళ్ళు. ఆమె ఇంతవరకూ మన దేశం చూడలేదు.

"నా తెలుగు మీకు అర్థమవుతోందా అమ్మా?" అని మొదటిసారి ఫోన్లో భయపడుతూ అడిగింది.

"మీకు నాది అర్థమైతే సాలు," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

మా తాత పుట్టిన తోట ఇప్పుడు లేదు. అక్కడ ఇళ్ళు లేచాయి. కానీ తోట కూలీల కోసం కట్టిన చిన్న చర్చి ఇంకా ఉందట; అక్కడ చాలామంది కూలీల పిల్లలకు బాప్తిస్మం ఇచ్చి పేర్లు రాసేవారట. ఆమె తన కారులో వెళ్ళి పాత బాప్తిస్మపు రిజిస్టరు తీయించి, పేజీ ఫోటో పంపింది. మా తాత పేరు ఉంది. పక్కన తల్లి పేరు, అక్షరాలు అటూ ఇటూ అయినా గుర్తుపట్టేలా ఉంది. ఆమె స్వస్థలం అన్న చోట జగిత్యాల తాలూకా, హైదరాబాద్ సంస్థానం అని ఉంది. మా వాళ్ళు ఫలానా చోటివాళ్ళని ఒక కాగితం చెప్పడం నేను చూడటం అదే మొదలు. ఆ మాట చెప్పడానికి సముద్రం అవతలి కాగితం కావలసి వచ్చింది.

టీచరమ్మ అక్కడితో ఆగలేదు. తోట కూలీల పాత పుస్తకం ఎక్కడుందో కనుక్కుని చూసి మళ్ళీ ఫోన్ చేసింది.

"అమ్మా, మీ ముత్తవ్వగారు రబ్బరు చెట్లకు గాటు పెట్టే కూలీ. ఆవిడ పేరు ముందు వస్తోంది. మీ ముత్తాతగారు ఆ తరవాతెప్పుడో చేరారు. అప్పటికి వాళ్ళకి పెళ్ళి కాలేదు. మీకు తెలుసా?"

తెలియదన్నాను. కొద్ది వారాలకు లండన్ నుంచి మరో కాగితం నకలు వచ్చింది. రంగూన్ నుంచి పెనాంగ్ వెళ్ళిన ఓడలో, వెంట మగదిక్కు లేని ఆడవాళ్ళను విడిగా రాసిన కాగితం అది. అందులో ప్రతి ఒక్కరికీ ఒక ప్రశ్న ఉంది. ఎవరి అనుమతితో వచ్చావు అని. భర్త, తండ్రి, అన్న, ఇలా ఎవరో ఒకరి పేరు అందరికీ ఉంది. మా ముత్తవ్వ పేరు ఎదురుగా ఎవరూ లేరని ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో వితంతువు అని, ఒక ఆడపిల్లను సొంతూళ్ళో విడిచిపెట్టి వచ్చిందని రాశారు.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. మా తాతకు ఒక అక్క ఉందని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

మళ్ళీ సిరిసిల్ల వెళ్ళాను. కాగితాలు చూపించగానే చిన్నాయన మొహం మాడిపోయింది. "గివన్ని బయట ఏస్తవా? ముండమోసిన ఆడిది ఒక్కతే దేశాలు పట్టుకోని పోయిందంటే నలుగురు ఏమనుకుంటరు? మా తాతనే తీసుకపోయిండు. గంతే."

"చిన్నాయనా, అబద్ధం చెప్పుకుంట ఎన్నేండ్లు బతుకుదాం?"

"ఇజ్జత్ అంటే ఏందో నీకు ఎర్క లేదు," అని చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

సముద్రాలు దాటి కష్టపడింది ఆమె. ఆ గౌరవం తీసి మగవాడికి తొడిగి దానికి ఇజ్జత్ అని పేరు పెట్టారు. మేనత్త లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చి పక్కన కూర్చుంది. చిన్నతనంలో ముత్తవ్వ పక్కలో పడుకుని విన్నదంతా అప్పుడు చెప్పింది.

ముత్తవ్వ మొదటి భర్త దొర ఇంటికి వెట్టి బండి తోలేవాడు. ఒక రోజు కట్టెల బండి కింద పడి చనిపోయాడు. దినాలన్నా కాకముందే దొర మనుషులు వచ్చి ఆమెను పనిలోకి లాక్కుపోయారు. ఒక్కతే బిడ్డ, బాగా చిన్నది. కొంతకాలానికి దొర కూతురికి పెళ్ళైతే, అత్తారింట్లో ఆమెకు చాకిరీ చేయడానికి పంపిన ఆడబాపల్లో ఆ బిడ్డనూ తోలారు. ఆడబాప అంటే కట్నంలో పశువుల్లాగే ఇచ్చి పంపే ఆడపిల్ల. ఏ ఊరికి పంపారని ముత్తవ్వ ఎంత ఏడ్చినా దొర ఉండే గడిలో ఎవరూ చెప్పలేదు.

"ఇగ గా ఊళ్లె ఆమెకేమున్నది బిడ్డా? ఎములాడ జాతరకు పోయేటోళ్లల్ల కలిసి నడిచింది. మల్ల ఎనుకకు రాలే. రంగూన్ల బియ్యం మిల్లుల చేసిందట. గాడికెళ్లి ఓడ ఎక్కింది."

"మరి ఎందుకు తిరిగొచ్చింది అత్తా?"

"నిజాం పోయిండు, దొరల జోరు తగ్గిందని ఎవలో చెప్పిన్రట. బిడ్డను దేవులాడుకునెతందుకు అచ్చింది. మా తాతకు రానిష్టం లేకుండె. నేను పోతున్న, నువ్వస్తే రా అన్నదట. నేను ఎరిగినంక గూడ బస్సు దిగిన ప్రతి ఊళ్లె అడుగుతుండె. దొరకలే."

విడిచిపెట్టి వచ్చిందని ఓడ కాగితంలో రాశారు. బిడ్డను లాక్కున్నారని రాయడానికి అందులో చోటు లేదు. ఆ గుమాస్తా ఆమెను ఒక్క ప్రశ్న ఎక్కువ అడిగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అడగాలని కూడా అతనికి తట్టలేదు.

కాగితాలన్నీ పట్టుకుని జగిత్యాల ఆఫీసుకు వెళ్ళాను. అధికారి వాటిని అటూ ఇటూ తిప్పాడు. "గివి మలేషియా కాగితాలు మేడం. వీటితోని మీరు ఫారినోళ్లని తెలుస్తది గాని, ఇక్కడోళ్లని ఎట్ల తెలుస్తది?"

"సార్, జగిత్యాల తాలూకా అని గక్కడ రాసి ఉన్నది. మీరే సదవండ్రి."

ఆయన చదవలేదు. గొంతు తగ్గించి సాయం చేస్తున్నట్టుగా అన్నాడు. "గింత లొల్లి ఎందుకు? మీ ఊరి దొర మనుమడు గీ ఊళ్లెనే ఉంటడు. మా గడిల పనిచేసినోళ్లే అని ఆయనతోని ఒక ముక్క రాపిచ్చుకొచ్చుకోండ్రి. అయిపోతది."

కాగితాలు సంచిలో పెట్టుకుని లేచాను. అయినా దొర మనవడైన ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. రాయించుకోవడానికి కాదు, అడగడానికి వెళ్ళాను. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. విషయం చెప్పగానే నవ్వాడు.

"రాసిస్త, దాందేమున్నది? మా గడి మనుషులే గద మీరంత."

"రాసుడు వద్దండి. మీ మేనత్త పెండ్లికి ఆడబాపలను పంపిన్రట. అందులో మా పిల్ల ఒకామె ఉన్నది. ఎక్కడికి పంపిన్రు?"

"ఇద్దరో ముగ్గురో పోయిన్రని అంటరు. వాళ్ల పేర్లెవలకు యాదికుంటయ్? మా మేనత్తను ఇచ్చింది మెట్‌పల్లి అవతల," అని ఊరి పేరు చెప్పి చాయ్ గుటక వేశాడు.

ముత్తవ్వ సముద్రం దాటి వచ్చి, చనిపోయేదాకా అడుగుతూ తిరిగిన పేరు అది. ఆయన ఇంట్లో ఎన్నడూ అది రహస్యం కాదు. చెప్పవలసినంత మనిషిగా ఆమె వాళ్ళకు కనిపించలేదు. చాయ్ తాగకుండా లేచి వచ్చేశాను.

ఆయన ఉత్తరం నాకు అక్కరలేదని ఆఫీసులో చెప్పి, పై అధికారికి అప్పీలు పెట్టాను. ఆ అధికారిణి వయసులో నాకంటే చాలా చిన్నది. విచారణ రోజు రిజిస్టరు నకలు తనే పైకి చదివింది. నా వెంట వచ్చిన మా మేనత్తను దగ్గరికి పిలిచి ఆమె చెప్పింది రాయించింది. సర్టిఫికెట్టు వచ్చింది. అప్పటికి మా అమ్మాయి సీటు పోయి, ఏడాది ఇంట్లో కూర్చుంది. ఆ ఏడాదికి ఎవరూ జవాబు చెప్పలేదు. మొదటి అధికారి మాత్రం తర్వాత ఎదురుపడితే "అయిపాయె గద మేడం," అన్నాడు.

మా మేనత్తను తీసుకుని మెట్‌పల్లి అవతలి ఆ ఊరికి వెళ్ళాను. గడి గోడలు కూలి, లోపల తుమ్మచెట్లు లేచాయి. అడగ్గా అడగ్గా ఒక ఇల్లు చూపించారు. అరుగు మీద ఒకామె బీడీలు చుడుతోంది. నా వయసే ఉంటుంది. గడిలో పనిచేసిన ఒక ఆడబాప మనవరాలని చెప్పారు.

"మా అవ్వది ఏ ఊరో ఎవలకు తెల్వది," అంది ఆమె చేట పక్కన పెట్టి. "దొరసానితోని అచ్చిందని అంటరు. చిన్నప్పుడే తోలిన్రట, ఊరి పేరు గూడ యాదికి లేకుండె. తల్లి అమ్ముకున్నదని గడిల చెప్పిన్రట ఆమెకు. సచ్చేదాక గదే మాట అనుకుంట ఏడిచింది."

మా ముత్తవ్వ బిడ్డ ఈమె అవ్వేనని నేను రుజువు చేయలేను. ఇద్దరు ముగ్గురిలో ఎవరైనా కావచ్చు. ఏ దేశపు కాగితంలోనూ ఆ పిల్ల పేరు లేదు. నిజంగా ఆమే అయితే, తల్లి తిరిగొచ్చాక ఆ ఇద్దరూ ఒక్క పూట బస్సు ప్రయాణమంత దూరంలో ఏళ్ళ తరబడి బతికారు. తల్లి వెతుకుతూనే ఉంది. బిడ్డ మాత్రం తల్లి అమ్ముకుందనే నమ్మింది. ఈ రెండిటి మధ్య అడ్డం నిలిచింది ఒక కుటుంబం తెరవని నోరు.

ఇదంతా ఆమెకు చెప్పాలా వద్దా అని నేను ఆలోచిస్తుండగానే మేనత్త అరుగు మీదికి ఎక్కి ఆమె పక్కన కూర్చుంది.

"ఏ తల్లి అమ్ముకోలే బిడ్డా," అంది. "గుంజుకున్నరు. మా బాపమ్మ బిడ్డనైతే గట్లనే గుంజుకున్నరు. మీ అవ్వ గామెనో, గామె తోటిదో, నాకు తెల్వదు. ఎవలైనా గంతే."

ఆమె ఒడిలోని తంబాకు దులుపుకుని లేచింది. లోపలికి వెళ్ళి మాకు కుర్చీలు తెచ్చింది. మొదటినుంచీ అంతా చెప్పమంది.