మునివెంకటమ్మ కడుపునొప్పి

తమిళనాట ఇండూరులో ఉండే మునివెంకటమ్మ బస్సెక్కాలంటే ముందురోజు నుంచే తిండి మానేసేది. కడుపు ఖాళీగా ఉంటే దారిలో పరువు పోదని ఆమె నమ్మకం. అయినా తోటలో కాసిన టమాటాలతో పాలకోడు మండీకి పోయినప్పుడల్లా కడుపులో మెలిపెట్టేది. ఆడవాళ్లు దొడ్డికి పోయే చోటు దొరికేసరికి ప్రాణం పోయి వచ్చేది. పెళ్లిళ్లకు పోవడం మానేసింది. ఆమెకు గర్వమన్నారు చుట్టాలు. కాదని చెప్పాలంటే ఆ సంగతే చెప్పాలి. 

ఏళ్ల తరబడి ఆస్పత్రులు తిరిగింది. స్కాను తీశారు, గొట్టం వేసి చూశారు. అన్నీ బాగానే ఉన్నాయన్నారు. చివరికి భర్త హనుమంతప్ప కూడా విసిగిపోయాడు.

"ఏమీ లేదని అంతమంది చెప్పినారు. నీదంతా అనుమానమే" అన్నాడు.

కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

ఈ ఏడాది ధర్మపురిలో కణ్ణగి అనే డాక్టరమ్మ దగ్గరికి ఒక్కతే పోయింది. డాక్టరమ్మ పాత కాగితాలన్నీ చూసి, తీరిగ్గా అడగడం మొదలుపెట్టింది. దొడ్డికి పోయాక నొప్పి తగ్గుతుందా? రక్తం పడుతుందా? ఒళ్లు తగ్గిందా? మునివెంకటమ్మ తల వంచుకునే అన్నీ చెప్పింది. మరోసారి రక్తం, మలం పరీక్ష చేయించారు. వాటిలోనూ ఏమీ కనబడలేదు.

"మరి ఈ నొప్పి ఎక్కడనుంచి వస్తా ఉంది డాక్టరమ్మా?"

"నొప్పి నిజమేనమ్మా" అంది డాక్టరమ్మ తమిళంలో. "పేగులో పుండు లేదు, గడ్డ లేదు. పేగు పనిచేసే తీరులోనే తేడా ఉంది. ఐబీఎస్ అంటారు. కంగారు పడితే ఎక్కువవుతుంది. ప్రాణానికి ముప్పు లేదు. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను."

పస్తులుండవద్దంది. పాలు, కాఫీ కొన్నాళ్లు ఆపి చూడమంది. భోజనానికి ముందు వేసుకోవడానికి మాత్రలు రాసింది.

బయటికొచ్చి మునివెంకటమ్మ బెంచీ మీద కూలబడింది. జబ్బు పోదన్నందుకు భయం వేయలేదు. ఇన్నేళ్లు తిరిగిన తిరుగుడంతా ఒక్కసారిగా కాళ్లలోకి దిగినట్టయింది.

ఇంటికి పోయి భర్తతో "అనుమానం కాదంట. పాలు, కాఫీ ఆపమన్నారు" అని మాత్రం చెప్పింది. 

"కాఫీ వద్దంటే పొద్దున ఏమి తాగుతావు?" అన్నాడు హనుమంతప్ప.

"రాగి అంబలి చాలు."

మర్నాడు అంబలి అతనే కాచాడు. ఉండలు కట్టింది. ఆమె తాగింది.

నెలలు గడిచేకొద్దీ నొప్పి వచ్చే రోజులు తగ్గాయి. బి. మల్లాపురంలో చెల్లెలి కూతురి పెళ్లికి పోయి, మజ్జిగన్నం తిని వచ్చింది. కొన్ని పొద్దులు ఇప్పటికీ చెడ్డవే. అలాంటప్పుడు మండీకి హనుమంతప్ప ఒక్కడే పోతాడు. ఆమె గోడకు ఒరిగి, నొప్పి సద్దుమణిగేదాకా కూర్చుని, తర్వాత లేచి తోటలోకి నడుస్తుంది.