ప్రశ్న వేస్తే లోచో

కోవిడ్ వార్డులు మూసేసిన మరుసటి ఏప్రిల్‌లో సూరత్‌లో, పాండేసర దగ్గరున్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేరాను. పదవి పేరు అంత పొడుగు. పిలుపు మాత్రం ‘మేట్రన్ మేడం’. మాది గుడివాడ వైపు. మావారు హజీరాలో ఇంజినీరు కాబట్టి నా సర్వీసంతా ఈ ఊళ్లోనే గడిచింది. రిటైర్మెంటుకు మూడేళ్లుంది. ఆ మూడేళ్లూ ఏ గొడవా లేకుండా వెళ్లిపోతే చాలనుకున్నాను. చేరిన నెల తిరక్కుండానే స్వప్న వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

స్వప్న మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సు. ఆరేళ్ల అనుభవం, చురుకైన చెయ్యి. తండ్రి మల్లేశం సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ పవర్‌లూమ్ నడుపుతున్నాడు. ఇల్లు కోసాడ్ కాలనీలో. ఆ పిల్ల ఇక్కడే పుట్టి పెరిగింది కనుక ఆమె వాక్యం తెలుగులో బయల్దేరి, హిందీలో మలుపు తిరిగి, గుజరాతీలో ఆగేది. ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకు రాత పరీక్ష పాసయ్యానని, మూడు వారాల్లో ఇంటర్వ్యూ ఉందని, జర తయారు చేయమని అడిగింది.

ఈ ఫిజీషియన్ అసిస్టెంట్ అనే ఉద్యోగం మన దగ్గర చాలామందికి తెలియదు. డాక్టరు పర్యవేక్షణలోనే పనిచేయాలి. రోగిని పరీక్షించి, వివరాలు రాబట్టి, జబ్బు ఏమై ఉంటుందో, ఏం చేస్తే బాగుంటుందో డాక్టరు ముందు పెట్టాలి. ఆపరేషన్లలో సాయం చేయాలి. సొంతంగా బోర్డు కట్టుకుని కూర్చోవడానికి మాత్రం వీల్లేదు.

ఇంట్లో వాళ్లతో ఆమెకు ఒక ఒప్పందం ఉంది. సీటు వస్తే చదువు. రాకపోతే దుబాయి ఆసుపత్రిలో వచ్చిన ఉద్యోగానికి ఒప్పుకోవాలి. దుబాయి పేరెత్తితేనే ఆమె మొహం వాడిపోయేది.

మల్లేశం తన సెలవు రోజున నన్ను చూడడానికి వచ్చాడు. “మేడం, గిదేంది? డాక్టర్ గాదు, నర్సు గాదు, నడుమ గీ నౌకరేంది?” అన్నాడు. మీ షెడ్డులో యజమాని సేఠ్‌కూ మగ్గం నడిపే కారీగర్‌కూ నడుమ ఎవరుంటారని అడిగాను. “మాస్టర్ ఉంటడు. మిషన్ ఖరాబైతే ఆయననే సూస్తడు. సేఠ్‌కేం తెల్వది మేడం, మగ్గం ఎటుదిక్కు నడుస్తదో గుడ తెల్వది” అన్నాడు. మా డాక్టర్లకు ఆ మాత్రం తెలుసులే అన్నాను. గట్టిగా నవ్వేశాడు. “మాస్టర్ నౌకరి అయితే మంచిగనే ఉన్నది. గని ఒక్కపాలే మేడం. రాకుంటే దుబాయే” అని చెప్పి వెళ్లాడు.

ఇక్కడ నర్సుల విద్యలో పుస్తకాల్లో రాయని ఒక సంగతి చెప్పాలి. రోగి దగ్గర చూసింది చూసినట్టు డాక్టరుకు చెప్పాలి తప్ప ఇది ఫలానా జబ్బు అనకూడదు. రోగనిర్ణయం డాక్టరు పని. సరే, పక్కన నిలబడ్డ నర్సుకు విషయం అర్థమైపోయి, డాక్టరుకు ఇంకా తట్టకపోతే? అప్పుడు ప్రశ్న వేయాలి. “సర్, ఒకసారి షుగర్ చూడమంటారా?” అనాలి. “అదే చెప్పబోతున్నా, చూడండి” అంటాడాయన. రోగికి వైద్యం అందుతుంది, డాక్టరు మర్యాద నిలుస్తుంది, నర్సు తలనొప్పి లేకుండా డ్యూటీ దిగుతుంది. సర్వీసంతా ఈ విద్యతోనే నెగ్గుకొచ్చాను, కొత్తగా చేరిన ఆడపిల్లలందరికీ నేర్పాను కూడా. అదేమీ తక్కువ విద్య కాదు.

మా ఫిజీషియన్ డాక్టర్ పారేఖ్ మంచి మనిషి. ఉత్తుత్తి ఇంటర్వ్యూలో పరీక్షకుడిగా కూర్చోమంటే సంబరంగా ఒప్పుకున్నారు. రోగి వేషం మా వార్డు ఆయా కంచన్‌బెన్‌ది. ఆమె మంచమెక్కి ఎంత సహజంగా మూలిగిందంటే, పక్క వార్డులోని రోగి బంధువు ఒకాయన లోపలికి వచ్చి పరామర్శించి వెళ్లాడు.

గుండెలో బరువు, ఒళ్లంతా చెమటలు, ఎడమ చెయ్యి లాగుతోంది, ఏం చేస్తావన్నారు పారేఖ్. “సర్, ఈసీజీ తీయమంటారా?” అంది స్వప్న. తీయమన్నారు. “ఆస్పిరిన్ రెడీ పెట్టమంటారా?” పెట్టమన్నారు. “కార్డియాలజిస్టుకు కబురు చేయమంటారా?” తప్పకుండా చేయమన్నారు. అయిదు నిమిషాల్లో కంచన్‌బెన్ ప్రాణాలు దక్కాయి. అమ్మాయి అద్భుతంగా చెప్పిందని, సీటు ఖాయమని పారేఖ్ నాతో అన్నారు.

ఆ అమ్మాయి ఒక్క జవాబూ చెప్పలేదు సర్, అన్నీ మీరే చెప్పారు అన్నాను. ఆయన కళ్లద్దాలు తీశారు. “అంటే ఇన్నేళ్లుగా నా వార్డులో జరుగుతున్నది ఇదేనా?” అని అడిగారు. నేను ఫ్యాను వైపు చూశాను.

అప్పుడు నాకు కొంచెం భయం వేసింది. ఇంటర్వ్యూలో కూర్చునే వాళ్లందరూ పారేఖ్‌లా జవాబులు అందించరు. నిన్నేగా అడిగింది, తిరిగి మమ్మల్ని అడుగుతావేమిటంటే అక్కడితో సరి. అందుకని మర్నాటి నుంచి ఒక నియమం పెట్టాం. స్వప్న నోట ప్రశ్న వస్తే ఆమే కంచన్‌బెన్‌కు ఒక ప్లేటు లోచో తెప్పించాలి. లోచో అంటే ఆవిరి మీద ఉడికిన శనగపిండి ముద్ద. దానిపై నూనె, మసాలా, సేవ్ చల్లి వేడివేడిగా ఇస్తారు. సూరత్ వాళ్లకు అది లేనిదే తెల్లవారదు. మొదటి వారం కంచన్‌బెన్ రోజూ ఎంతో ఇష్టంగా జబ్బు పడింది. రెండో వారంలో లోచో తగ్గింది. మూడో వారానికి పూర్తిగా ఎండిపోయింది. పిల్ల మరీ తెలివి మీరిపోయిందని ఆమె నా దగ్గర వాపోయింది.

నిజంగానే మీరింది. గుండెపోటు, ఈ ఇంజెక్షన్ ఇస్తాను, ఆ డ్రిప్ పెడతాను అంటూ ఏకబిగిన చెప్పుకుపోయింది. పారేఖ్ చెయ్యెత్తి ఆపి, ఇందులో నేనెక్కడున్నానమ్మా అని అడిగారు. ఫిజీషియన్ అసిస్టెంట్ డాక్టరును మరిచిపోతే అది మరో రకం తప్పు. చివరికి ముగ్గురం కూర్చుని ఒక వరస కుదుర్చుకున్నాం: ఏం చూశాను, ఏమనుకుంటున్నాను, ఏం మొదలుపెట్టాను, మీరు ఏం చేయాలి. ఇవన్నీ ఒకే ఊపిరిలో రావాలి.

ఇంటర్వ్యూ అయ్యాక స్వప్న తిన్నగా నా గదికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోకుండా అందరి పాత్రలూ తనే వేసి చూపించింది.

ఎదురుగా ముగ్గురు. మధ్యలో మీసాల సర్జన్. నర్సుగా ఉంటే నీకేమైందని మొదటి ప్రశ్న. “ఏం కాలే సర్, మంచిగనే ఉన్న. ఆరేండ్ల సంది నాకు సమజైనదాన్ని వేరేవాళ్ల నోటితోని చెప్పిస్తున్న. ఇగ నా నోటితోని చెప్పాలని వచ్చిన” అందట. అక్కడ హిందీలో చెప్పిన మాట, నాకు తెలుగు చేసింది.

తర్వాత కేసు. మే నెల మధ్యాహ్నం. బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లు కార్మికుణ్ని టెంపోలో వేసుకొచ్చారు. మాట ముద్దగా ఉంది, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. తాగి ఉన్నాడని తెచ్చినవాళ్లు చెబుతున్నారు. ఒళ్లు కాలిపోతోంది. స్వప్న మా వరస తప్పలేదు. మిల్లు వేడి, ఎండ, మతి తప్పడం, ఇంత జ్వరం చూస్తే వడదెబ్బ అనుకుంటున్నాను. తాగుడని వదిలేయను, షుగర్ కూడా చూస్తాను. బట్టలు తీసి తడిపి ఫ్యాన్లు పెట్టి చల్లబరచడం మొదలుపెడుతూనే డాక్టరును పిలుస్తాను, మీరు వెంటనే రావాలి సర్ అంది. జ్వరం మాత్ర వేయవా అన్నాడు సర్జన్. “వెయ్యను సర్. మాత్రతోని దిగే జ్వరం గాదు ఇది.” నేను వేయమంటే? అన్నాడాయన గొంతు పెంచి.

అక్కడ ఆగి నా వైపు చూసింది. పాత అలవాటు నోటి దాకా వచ్చిందట. “మేడం, ‘వెయ్యమంటారా సర్’ అందామనుకున్న. లోచో యాదికొచ్చింది” అంది.

చివరికి అన్నది ఇది: “ఎందుకొద్దంటున్ననో మీకు చెప్తా సర్. ఇన్నంక ఫైసలా మీదే. గని చల్లబరుచుడు మాత్రం బంద్ చెయ్యను.” మీసాల సర్జన్ నవ్వి, ఇక వెళ్లవచ్చన్నాడట.

సీటు వచ్చింది. మల్లేశం డబ్బా నిండా ఘారీ మిఠాయి తెచ్చి, “మా బిడ్డ మాస్టరైతున్నది మేడం” అని వార్డంతా పంచాడు. నాకు కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు. ఆ తర్వాత, డ్యూటీ అప్పగించేటప్పుడు ప్రతి నర్సూ రిపోర్టు చివర ‘నాకేమనిపిస్తోందంటే’ అని ఒక్క మాట చేర్చాలని నియమం పెట్టాను. ఇద్దరు డాక్టర్లు ముఖం ముడుచుకున్నారు. పారేఖ్ మాత్రం ముందే వచ్చి నిలబడి వినేవారు.

రెండేళ్ల కోర్సు ముగించి స్వప్న మా ఆసుపత్రిలోనే పారేఖ్ దగ్గర చేరింది. నేను రిటైరయ్యాను. మొన్న వానాకాలంలో జ్వరం, వాంతులతో అదే వార్డులో మంచమెక్కాను. స్వప్న వచ్చి నాడి, బీపీ చూసింది. బీపీ బాగా పడిపోయి ఉంది. నేను నీరసంగా, “స్వప్నా, నా బీపీ మాత్ర రెండ్రోజులు ఆపమంటావా?” అన్నాను.

ఆమె చార్టు మీంచి తలెత్తింది. “మేడం, ప్రశ్న వేసిండ్రు” అంది. గుమ్మంలో ఉన్న కంచన్‌బెన్ చీపురు గోడకు ఆనించి లోపలికి వచ్చేసింది.

వృత్తిలో హద్దు తెలిసి ఉండడం వేరు, తెలిసింది ఇంకొకరి నోట పలికించడం వేరు. మొదటిది క్రమశిక్షణ, రెండోది అలవాటు. ఈ రెండూ ఒకటేనని సర్వీసులో చాలా భాగం నమ్మాను. “వాంతులవుతున్నాయి, బీపీ తక్కువగా ఉంది, మాత్ర ఆపాలని నా అభిప్రాయం, డాక్టరుగారికి చెప్పు” అన్నాను. తన అభిప్రాయమూ అదేనంటూ పారేఖ్‌కు చెప్పింది. మాత్ర ఆపారు. లోచో మాత్రం నేనే తెప్పించాల్సి వచ్చింది.